నేస్తానికి జీతమెంత?

మా వైపు నేస్తం కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. నేస్తం అనే పిలవాలి. మా అమ్మకొక నేస్తం ఉండేది. ఆమె అసలు పేరేమిటో ఆమె చనిపోయిన రోజు పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటేగానీ నాకు తెలియలేదు. ఇచ్ఛాపురం దాటి ఒడియా వాళ్ళలోకి వెళితే ఇదే ఆచారం వేరే పేర్లతో కనిపిస్తుంది. పూరీ జగన్నాథుడి ప్రసాదం ఇద్దరూ పంచుకుని ఆ రోజు నుంచి ఒకరినొకరు 'మహాప్రసాద్' అని పిలుచుకుంటారు. మా మాలపేటకి జగన్నాథుడి ప్రసాదం ఎవరు తెస్తారు? సంకురాత్రి నాడు కొబ్బరి ముక్క చెరో కొరుకు కొరికి మార్చుకున్నాం, అంతే. అప్పటికి నాకు పదకొండేళ్ళు. అందుకని ఈ వ్యాసంలో ఆమె పేరు ఉండదు. దాచాలని కాదు. దాచడం గురించే నేను రాయబోతున్నాను గానీ, ఆ దాచడం వేరు.

మా ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మునగ, ఎటు చూసినా చెట్టే. ఆ పచ్చదనం చూడ్డానికి వచ్చినవాళ్ళు కోనసీమతో పోలుస్తారు. చెట్టెవరిది, చెట్టు కింద పని ఎవరిది అని మాత్రం అడగరు. మా పేటలో ఎవరికీ తోట లేదు. ఆడవాళ్ళు పొద్దున్నే పలాస పోయేవాళ్ళు, జీడి పరిశ్రమల్లోకి. పిక్కలు ఉడకబెట్టి, ఒక్కోటీ కట్టింగు మిషన్లో పెట్టి, కాలితో తొక్కి చేత్తో చీల్చాలి. గుల్లలోంచి కారే జీడి పాలు చర్మాన్ని కాల్చేస్తాయి. బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు. అయినా వేళ్ళ చివర్లు నల్లబడతాయి, తోలు లేస్తుంది. మా పేటలో ఏ ఆడదాని చెయ్యి చూసినా అది ఎన్నేళ్ళుగా పనిలో ఉందో చెప్పగలిగేదాన్ని.

1999లో ఇద్దరం పదో తరగతి రాశాం. నేను పాసయ్యాను. ఆమె లెక్కలు తప్పింది. లెక్కల్లో నాకంటే ఆమే చురుకు. కాని ఆ ఏడాది ఆమె నాన్నకి కాళ్ళూ ముఖమూ వాచిపోయి, మూత్రం ఆగిపోయి, నాలుగు నెలలు మంచం మీద ఉండి పోయాడు. ఆ జబ్బు పేరు అప్పటికి మాకు తెలీదు. కిడ్నీ అన్న మాట మా ఊళ్ళో పిల్లలకి కూడా నోటికి రావడం ఆ తర్వాత సంగతి. నేను టెక్కలి హాస్టల్లో చేరి ఇంటరు చదివాను, ఆమె పలాస పోయింది.

ఆ రెండేళ్ళూ సెలవులకి టెక్కలి నుంచి నౌపడా దాకా చిన్న రైల్లో వచ్చేదాన్ని. గుణుపురం నుంచి వచ్చే ఆ బుల్లి బండి 2004లో ఆగిపోయింది, పట్టాలు పెద్దవి చేసి మళ్ళీ వేశారు. నౌపడాలో దిగి ప్యాసింజరెక్కి పూండిలో దిగితే ఆమె స్టేషన్లో ఉండేది. పని మానుకుని వచ్చేది. ఒక పూట పని మానుకుంటే ఒక పూట కూలి పోయినట్టే, అక్కడ కిలోల లెక్క. ఇంటరు రెండో ఏడు పరీక్ష ఫీజు కట్టడానికి మా ఇంట్లో లేకపోతే ఆమె వారం కూలి తెచ్చి ఇచ్చింది. నేను అడగలేదు. అడగకుండా ఇచ్చింది కాబట్టి అప్పు అని కూడా అనలేను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

2008లో నాకు విశాఖపట్నంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది.

కొత్త ఊరికి పోయిన మనిషి ముందు వెతుక్కునేది గది. మనవాళ్ళెవరూ ఈ అనుభవం గురించి రాయలేదని కాదు. ఎంతమంది రాసినా ప్రతివాడికీ మళ్ళీ మొదటినుంచే జరుగుతుంది. మొదటి ఇంటాయన నా ఉద్యోగం అడిగాడు, జీతం అడిగాడు, ఊరు అడిగాడు, చివరికి "మీరేంటమ్మా?" అన్నాడు. అర్థం కానట్టు "శ్రీకాకుళం జిల్లా అండి" అన్నాను. "అది కాదమ్మా" అన్నాడు. చెప్పాను. వచ్చే నెల వాళ్ళబ్బాయి వచ్చేస్తాడని ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. రెండో ఇంట్లో నీళ్ళు సరిగా రావన్నారు. మూడో ఇంట్లో ఆడపిల్ల ఒక్కత్తీ ఉంటానంటే ఇవ్వమన్నారు. ఆ మాట నా కులం విన్న తర్వాత అన్నారు. ఒంటరిగా ఉంటానని అంతకు ముందే చెప్పాను.

నాలుగో ఇంట్లో ఇంటిపేరు అడిగారు. మా ఇంటిపేరు మా ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళకి కూడా ఉంది. ఇంటావిడ "ఓహో, అయితే మీరు..." అని తనే ఒక కులం పేరు చెప్పింది. నేను అవుననలేదు, కాదనలేదు. తాళం చెవి తీసుకున్నాను.

సంఘంలో పనిచేసే మిత్రులు కొందరు ఈ మాట విని కోప్పడ్డారు. కులం దాచుకోవడం ఆత్మగౌరవాన్ని చంపుకోవడమే అన్నారు. గేటు దగ్గరే గర్వంగా చెప్పాలన్నారు. అలా అన్నవాళ్ళలో ఇద్దరికి సొంత ఇళ్ళున్నాయి, ఒకాయన క్వార్టర్స్‌లో ఉంటాడు. నేను వాళ్ళని ఎత్తిపొడవడానికి ఇది రాయడం లేదు (కొంచెం ఎత్తిపొడవడానికే). నా వాదన ఒకటే. నిజం వింటే నన్ను వీధిలోకి తోసేవాడికి నిజం చెప్పాల్సిన బాధ్యత నాకు లేదు. దూరవిద్యలో ఫిలాసఫీ చదువుతున్నప్పుడు కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసం గురించి తెలుసుకున్నాను. హంతకుడు తరుముకొస్తుంటే నీ స్నేహితుడు నీ ఇంట్లో దాక్కున్నాడు, ఆ హంతకుడే తలుపు తట్టి వాడు లోపలున్నాడా అని అడిగితే ఏం చేస్తావు? అప్పుడు కూడా అబద్ధమాడకూడదంటాడు కాంట్. చదివి నవ్వుకున్నాను. ఈయనకి అద్దె గది వెతుక్కునే అవసరం రాలేదు కాబోలు అనుకున్నాను. నా దృష్టిలో ఇంటాయన ప్రశ్న అలాంటి ప్రశ్నే. మనిషిని తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న కాదది, మనిషిని బయట నిలబెట్టడానికి అడిగే ప్రశ్న. దానికి మౌనం సరైన సమాధానమే. ఇప్పటికీ అదే అంటాను.

కాని కాంట్ కథలో తలుపు లోపల ఒక స్నేహితుడున్నాడు. ఆ సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు.

నగరంలో స్థిరపడటం అంటే ఏమిటో ఆ నాలుగేళ్ళలో నేర్చుకున్నాను. అంబేద్కర్ ఫొటో ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టాను. ముందు నా మాట మార్చుకున్నాను. 'ఏటి' పోయి 'ఏంటి' వచ్చింది. 'గావాల' పోయింది. 'వొచ్చీసినాను' పోయింది. మన తెలుగు సినిమాల్లో శ్రీకాకుళం యాస ఎవరి నోట్లో ఉంటుందో మీకు తెలుసు. పనిమనిషి నోట్లో, వాచ్‌మన్ నోట్లో, నవ్వించడానికి పెట్టిన అమాయకుడి నోట్లో. ఆఫీసులో నేను నోరు తెరిస్తే ఎవరైనా నవ్వుతారేమోనని భయం. ఫోను చేస్తే నేస్తమే పట్టుకుంది: "ఏటే, నీ మాట మారిపోనాది. టీవీలో వోర్తలు సదువుతున్నట్టు మాటాడతన్నావు."

మా అమ్మ రెండుసార్లు వచ్చింది. ఇంటావిడతో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ముందే చెప్పాను. రెండోసారి వెళ్ళిపోతూ "నీ కాడికొత్తే నోరు కుట్టీసుకోవాల" అంది. మళ్ళీ రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఉద్దానం అని చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గు వేయలేదు. సభల్లో, సాహిత్య సమావేశాల్లో ఉద్దానం అంటే ఒక గౌరవం. బొడ్డపాడు దగ్గరేనా మీది అని అడుగుతారు. సుబ్బారావు పాణిగ్రాహి గురించి, పంచాది కృష్ణమూర్తి, నిర్మల గురించి మాట్లాడతారు. 1969లో పోయిన ఆ మనుషుల పేరు మీద నాకు ఇక్కడ కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో కూర్చున్నాను. ఉద్దానం దాకా గొంతు బాగా పలికేది. ఉద్దానంలో ఏ వీధి అన్న దగ్గర ఆగిపోయేది.

2012 జూన్ 12న లక్ష్మింపేటలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. అప్పటికి అది మా జిల్లాయే, వంగర మండలం. మడ్డువలస రిజర్వాయరు కింద పోగా మిగిలిన భూమి దున్నుకున్నందుకు బాంబులతో, బరిసెలతో మీద పడ్డారు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగినప్పుడు నేను చిన్నపిల్లని, పుస్తకాల్లో చదువుకున్నాను. ఇది నా కళ్ళముందు. విశాఖలో జరిగిన నిరసనలో నేనూ నిలబడ్డాను. నినాదం నేనే ఎత్తుకున్నాను. గొంతు పోయింది. ఇంటికి వచ్చి ఇంటావిడతో ఆఫీసులో పని ఎక్కువైందని చెప్పాను.

సరిగ్గా నెల తర్వాత, జూలైలో, నేస్తం వచ్చింది.

వాళ్ళమ్మకీ కాళ్ళు వాచాయి. పరీక్షలు చేయించడానికి కె.జి.హెచ్.కి తెచ్చారు. తమ్ముడు వార్డులో ఉన్నాడు. అయిదేళ్ళ కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. స్నానం చేసి, తల్లికి గంజి కాచి పట్టుకెళ్ళడానికి నా గదికి వస్తానని ఫోను చేసింది. రమ్మన్నాను. సంతోషంగానే రమ్మన్నాను, అది అబద్ధం కాదు. ఆమె గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఇంటావిడ వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. సంచీ పట్టుకున్న ఆ చేతుల వైపు చూసింది. నల్లబడ్డ వేళ్ళు, తోలు లేచిన అరచేతులు.

"ఎవరమ్మా?" అంది. నన్నే అడిగింది, ఆమెని కాదు.

"మా ఊర్లో మా ఇంట్లో పనిచేసే మనిషండీ. వాళ్ళమ్మకి బాగోకపోతే పెద్దాసుపత్రికి తెచ్చారు" అన్నాను.

పన్నెండేళ్ళుగా ఆ ఒక్క మాట మీదికి వెనక్కి వెళ్ళి వస్తున్నాను. 'మా ఊరావిడ' అంటే సరిపోయేది. ఎందుకనలేదు? ఊరావిడ అంటే ఎవరి తాలూకు అని ఇంకో ప్రశ్న వస్తుంది. పనిమనిషి అంటే ఇంకేమీ అడగరు. అక్కడితో ఆగితే భయం అని సరిపెట్టుకోవచ్చు. కాని పనిమనిషి ఉన్న ఇల్లు అనగానే మా పూరిల్లు ఒక పెంకుటిల్లయింది, మా నాన్న కూలి మనిషి కాకుండా పోయాడు. ఆ అబద్ధంలో భయంతో పాటు లాభం కూడా ఉంది. నమ్మించడానికి నేనేమీ కష్టపడలేదు కూడా. ఆమె "దండాలమ్మా" అనగానే ఆ యాస విని ఇంటావిడ పూర్తిగా నమ్మేసింది. సినిమాలు నా తరఫున ముందే సాక్ష్యం చెప్పి పెట్టాయి.

నేస్తం విన్నది. విన్నదని నాకెలా తెలుసంటే, చెప్పులు గేటు బయట విడిచి వచ్చి, ముందు తలుపు వైపు కాకుండా పెరటి వైపు తిరిగి వచ్చింది. స్నానం చేసింది, గంజి కాచింది, ఇద్దరం తిన్నాం. తర్వాత నా గిన్నెలన్నీ పెరట్లో కుళాయి దగ్గర పెట్టుకుని తోమింది. నేను వద్దన్నాను, కాని గట్టిగా అనలేకపోయాను. గట్టిగా అంటే ఇంటావిడకి వినపడుతుంది. ఇంటావిడ బయటికి వచ్చి "మావీ రెండున్నాయమ్మా" అని ఒక అన్నం గిన్నె, ఒక కూర దాక తెచ్చి పెట్టింది. నేస్తం అవీ తోమింది. ఆ రాత్రి వాళ్ళింటిల్లిపాదీ ఆ గిన్నెల్లో వండుకుని తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. మనుధర్మమంతా ఆ కుళాయి దగ్గర కొట్టుకుపోయిందిగాని, ఆ సంగతి తెలిసిన ఇద్దరమూ నవ్వుకోలేకపోయాం.

రెండోరోజు వెళ్ళిపోయేటప్పుడు ఇంటావిడ ఒక పాత చీర, ఇరవై రూపాయలు ఇచ్చింది. తీసుకుంది. స్టేషన్లో ప్యాసింజరు కదిలే ముందు ఆ ఇరవై రూపాయలు కిటికీలోంచి నా చేతిలో పెట్టింది.

"ఇది నీదేనే నేస్తం. పన్లో ఎట్టినావిడివి నువ్వే గదా." నవ్వింది. "ఇంతకీ నా జీతం ఎంతని సెప్పినావే ఆవిడికి?"

ఆ తర్వాత ఆరేళ్ళు మేం మాట్లాడుకోలేదు. ఆమె ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. వాళ్ళమ్మ పోయిందని మా అమ్మ చెప్తే తెలిసింది. పని ఒత్తిడి వల్ల పాత స్నేహాలు పలచబడతాయని మనం చెప్పుకుంటూ ఉంటాం. ఎంత దూరమైనా దూరం స్నేహాన్ని చంపదు, కలిసి బతికే పనిని ఆపుతుంది, అది చాలాకాలం ఆగితే మరపు వస్తుంది అని అరిస్టాటిల్ ఎప్పుడో అన్నాడు. మా ఇద్దరి మధ్యా ఉన్నది నాలుగైదు గంటల ప్యాసింజరు దూరం. నేను ఆమెని ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఫోను చేసేదాన్నేమో.

అదే అరిస్టాటిల్ స్నేహం గురించి రాస్తూ బానిసతో స్నేహం కుదురుతుందా అని కూడా అడిగాడు. బానిసగా కుదరదు, మనిషిగా అయితే కుదురుతుంది అన్నాడు. బానిసత్వాన్ని సమర్థించిన మనిషి కాబట్టి ఆయనకి అలా రెండు ముక్కలు చేయడం తేలిక. నేను చేసిన పని దానికి తలకిందులు. మనిషిగా ఉన్న నేస్తాన్ని తీసుకుని పనిమనిషిని చేశాను. పనిమనిషి పని నీచమని కాదు నా మాట. విశాఖలో, హైదరాబాదులో మా జిల్లా ఆడవాళ్ళు ఎన్ని ఇళ్ళలో గిన్నెలు తోముతున్నారో నాకు తెలుసు. ఆమె ఆ పని చేసుకుని బతికి ఉంటే అది ఆమె కష్టం, ఆమె పేరు. చేయని పనిని, నా గది కోసం, ఆమె నెత్తిన పెట్టాను.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బరోడా సంగతి రాశాడు. విదేశాల్లో చదువుకుని వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఊళ్ళో ఉన్న ఒక హిందూ స్నేహితుణ్ణి అడిగితే, నువ్వు మా ఇంటికొస్తే మా పనివాళ్ళు వెళ్ళిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు భార్యని అడిగి చెప్పాలన్నాడు. రాత్రి రైలు దాకా ఆయన పార్కులో కూర్చున్నాడు. ఆ పుస్తకం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. చదివిన ప్రతిసారీ నన్ను అంబేద్కర్ స్థానంలో పెట్టుకునే చదివాను. మారుపేరుతో గదిలో ఉన్నది నేనే కదా! ఆ జూలై తర్వాత ఒక రాత్రి మళ్ళీ తీశాను. ఆ స్నేహితులున్న పేజీ దగ్గర చదవలేకపోయాను. వాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కాదు. ఆయనంటే ఇష్టం ఉన్నవాళ్ళే. వాళ్ళకీ ఒక ఇల్లుంది, ఆ ఇంటికొక లెక్క ఉంది.

ఇక్కడే నా ప్రశ్న. కులం దాచుకుని నేను చెప్పిన అబద్ధం నాది. దాని బరువు నేను మోస్తే అది నా ఆత్మరక్షణ. దానికి నన్ను ఎవరూ నిలదీయలేరు, ఇంటాయన అసలు నిలదీయలేడు. కాని ఆ అబద్ధం నిలబడటానికి ఇంకో మనిషి వంగాల్సి వస్తే? అది కూడా నా ఆత్మరక్షణేనా? నాకు అద్దెకిచ్చిన వ్యవస్థ దుర్మార్గమైనదని చెప్పి తప్పించుకోవచ్చు. అది నిజమే కూడా. మనువాదం లేకపోతే నాకు ఆ అబద్ధం అవసరమే లేదు. కాని ఆ రోజు వరండాలో ఎదురుగా మనువు లేడు. ఇంటావిడ ఉంది, నేనున్నాను, నేస్తం ఉంది. ఇంటావిడ ఒక ప్రశ్న అడిగింది. దానికి పది జవాబులున్నాయి. అందులో నా నేస్తాన్ని కిందికి దించే జవాబుని నేనే ఏరుకున్నాను.

'సమాజానికి తిరిగి చెల్లించాలి' అని మనం చెప్పుకుంటాం. 1956 మార్చిలో ఆగ్రా సభలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ళ గురించి బాధపడ్డాడని ప్రతి సభలో గుర్తుచేస్తాం. నేను చెల్లిస్తూనే ఉన్నాను. నెలనెలా సంఘానికి చందా ఇస్తాను, పిల్లలకి పుస్తకాలు కొంటాను, ఏప్రిల్ 14న స్టాలు దగ్గర నిలబడతాను. ఒకప్పుడు దానితో నా లెక్క సరిపోయిందనుకున్నాను. సమాజం మంచి అప్పులాయన. గడప ముందుకొచ్చి నిలబడదు. చేతులు నల్లగా ఉండవు. ఇంటావిడ ముందు దానికి పేరు చెప్పాల్సిన పని లేదు. పరీక్ష ఫీజు ఇచ్చింది సమాజం కాదు, ఆమె. ఆమె ఇచ్చింది అప్పూ కాదు, వడ్డీతో తీర్చేసి చేతులు దులుపుకోవడానికి. మరేమిటి? నేస్తరికంలో ఇచ్చినదానికి ఒకటే బదులు: ఎవరైనా "ఈమె ఎవరు" అని అడిగితే "మా నేస్తం" అనడం. మా అమ్మ తరం దాకా ఇంత చిన్న బదులుతోనే నేస్తరికాలు నడిచాయి. వాళ్ళని ఆ ప్రశ్న అడిగేవాళ్ళంతా ఆ పేటలోనే ఉండేవాళ్ళు, నిజమే. మా తరానికి ఆ ప్రశ్న గేటు దగ్గర ఎదురయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లో తీరం దాటింది. ఉద్దానం మీద చెట్టు నిలవలేదు. తరాలుగా పెంచిన కొబ్బరి తోటలు, జీడి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. సంఘం తరఫున బియ్యం, టార్పాలిన్లు పట్టుకుని వెళ్ళిన బండిలో నేనూ వెళ్ళాను. నష్టపరిహారానికి చెట్లు లెక్కబెడుతున్నారు. చెట్టున్నవాళ్ళకి చెట్టుకింత. చెట్టు కింద పనిచేసినవాళ్ళ పేర్లు ఏ కాగితంలో రాయాలో ఎవరికీ తెలియడం లేదు. మా పేటలో రేకులన్నీ ఎగిరిపోయాయి. రామాలయం వైపు పంచిన బియ్యం మా పేట దాకా రాలేదు, అందుకే మా బండి నేరుగా పేటకే పోయింది.

వరసలో ఆమె ఉంది. టార్పాలిన్ నేనే ఆమె చేతికిచ్చాను. మా బృందంలో ఒకావిడ, "మీకు తెలిసినావిడేనా?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆమే జవాబు చెప్పింది.

"తెలకేటమ్మా? యీవిడింట్లోనే గదా నాను పని సేసినాను."

ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. బృందంలోవాళ్ళు నా వైపు చూశారు. మా ఇంట్లో పనిమనిషా అని వాళ్ళకి ఆశ్చర్యం. "మా నేస్తం" అన్నాను. అప్పటికి ఆమె టార్పాలిన్ భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

ఆ రాత్రి బండితో తిరిగి వెళ్ళలేదు. వాళ్ళింటి గోడల మీద టార్పాలిన్ కట్టి, దాని కింద పడుకున్నాం. సముద్రం చప్పుడు బాగా వినిపించింది, మధ్యలో చెట్లు లేవు కదా. చాలాసేపటికి ఆమే మొదలుపెట్టింది.

"పనిమనిసన్నావని కోపం రానేదే. మనోళ్ళు పట్నంలో ఏటేటి సెప్పుకోవాలో నాకు తెలీదేటి? అందుకే గిన్నెలు తోమీసినాను. నీ గది పోకూడదని తోమినాను. కాని గేటు తీసినప్పుడు నీ ముకం సూసినాను. నన్ను సూసి బయపడిపోనావు. పోలీసోల్ని సూసినట్టు. అది ఇప్పటికీ మర్సిపోలేను."

ఏం మాట్లాడాలో తెలియలేదు. నేను ఆరేళ్ళుగా ఆ మాట గురించే కుమిలిపోతున్నాను. ఆమె ఆ మాటని దాటి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆమె చూసింది దానికి ముందరి క్షణాన్ని. నా గురించి అంతా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేకపోవడం వల్లే నాకక్కడ గది దొరికింది. అంతా తెలిసిన మనిషి గేటు తీసుకుని వచ్చింది. స్నేహితులంటే మన గురించి అంతా తెలిసినవాళ్ళే అయితే, అలాంటి గదిలో ఉన్నంతకాలం ప్రతి పాత స్నేహితుడూ ప్రమాదమే. ఈ సంగతి ఆమె ఒక్క చూపులో అర్థం చేసుకుంది. నేను ఎం.ఏ. పూర్తి చేసినా అర్థం చేసుకోలేదు.

క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించాల్సిన పని కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుందనిపించింది. ఇది తప్పించుకోవడమేనేమో, నాకు తెలీదు. చదివేవాళ్ళు ఎలాగైనా అనుకోవచ్చు. ఫోన్లు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పటికీ ఫోను పెట్టేసే ముందు "జీతమెప్పుడిత్తావే?" అంటుంది. ఒక్కోసారి అది హాస్యంలా వినిపిస్తుంది, ఒక్కోసారి వినిపించదు.

ఈ మధ్య ఆమెకీ పరీక్షల్లో క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. డయాలసిస్ దాకా రాలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి తెరిచారు. మా చిన్నప్పుడు లేనిది ఇది, కాదనను. ఇన్నేళ్ళు దాటినా జబ్బుకి కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. ఆమె ఇంకా కట్టింగుకి పోతోంది. కూతురు ఇంటరు పాసైంది, లెక్కల్లో మంచి మార్కులు. విశాఖలో డిగ్రీ చదివించాలని ఆమె పట్టుదల. మొన్న ఫోనులో అడిగింది.

"పిల్లని నీ కాడ ఉంచుకుంటావేటే?"

"ఉంచుకుంటాను" అన్నాను.

"ఆవిడడిగితే ఎవరని సెప్తావు?"

మధ్యలో బదిలీ అయి వేరే ఊళ్ళో ఉండి, ఈ ఏడాదే విశాఖకి తిరిగి వచ్చాను. ఆ ఇంటావిడ ఇప్పుడు లేదు, ఆ ఇల్లూ లేదు, అపార్ట్‌మెంటు లేచింది. ప్రస్తుతం ఒక స్నేహితురాలితో కలిసి ఉంటున్నాను, ఇద్దరికే చాలని చోటు. పిల్ల వచ్చే సోమవారం పూండిలో రైలెక్కుతుంది. ఈ వారం మూడు ఇళ్ళు చూశాను. మూడు చోట్లా అడగకముందే గేటు దగ్గరే చెప్పాను, మేమెవరమో, నాతో ఉండబోయే అమ్మాయి నాకేమవుతుందో. ఒకచోట మొహం మీదే కుదరదన్నారు. రెండోచోట అద్దె రెండు వేలు పెంచి చెప్పారు. మూడో ఆయన ఇంట్లోవాళ్ళని అడిగి సాయంత్రం ఫోను చేస్తానన్నాడు. ఇంకా చేయలేదు.